ట్రెయిల్ కింగ్ అక్షరాలు

నందిగామలో బళ్ళకి రేడియం స్టిక్కర్లు అంటించే లక్ష్మీకాంత్‌కి బొటనవేలి గోరే స్కేలు. ఏ అక్షరాన్నైనా దాంతో ఒకసారి కొలిచాడంటే మర్చిపోడు. పడ్డ మాటనూ అంతే. నంబరు ప్లేటు కోసం సతీష్‌బాబు కొత్త జీపు తెచ్చిన రోజున, దాని వెనక మెరుస్తున్న ఎర్రటి ‘ట్రెయిల్ కింగ్’ అక్షరాల మీద లక్ష్మీకాంత్ ముచ్చటపడి చెయ్యి వేశాడు. “చెయ్యి తియ్యవయ్యా. ఆ అక్షరాలకే మూడు లక్షలు ఎక్కువ పోశా. నువ్వు కోసే రేడియం కాదది, కంపెనీది,” అన్నాడు సతీష్‌బాబు. లక్ష్మీకాంత్ చెయ్యి తీశాడు. అప్పటికే గోరు కొలత తీసేసుకుంది.

మర్నాటి నుంచి షాపుకొచ్చిన ప్రతి బండికీ ఆ పేరు ఉచితం. పాల ఆటోకి, మిర్చి ట్రాక్టరుకి, కీసర నీళ్ళ ట్యాంకరుకి కూడా అంటించాడు. జీపు ధర మళ్ళీ పెరిగిందని పేపర్లో చూసిన రోజున ఇంకో పది ఎక్కువ కోసేవాడు. సెప్టిక్ ట్యాంకు బండికి మాత్రం తడిగుడ్డతో తుడిచి మరీ, రెండు వైపులా పెద్దక్షరాలు అంటించాడు.

ఆర్నెల్లకి సతీష్‌బాబు జీపు వేసుకుని వచ్చాడు. “జగ్గయ్యపేటలో పెళ్ళికెళ్తే, ‘సెప్టిక్ గుంట పెరట్లో ఉంది, అటు పోనీ’ అన్నారయ్యా బావమరుదులు. ఆ అక్షరాలు పీకెయ్యి.”

లక్ష్మీకాంత్ చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు.

“నేను చెయ్యి వెయ్యకూడదండి. అది కంపెనీది కదా.”