లాస్య పాలపళ్ళు

2005 వర్షాకాలంలో నన్ను దక్షిణ ఢిల్లీలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రికి, పిల్లల దంత విభాగానికి బదిలీ చేశారు. నా హోదా డెంటల్ హైజీనిస్ట్. అంటే దంతవైద్యురాలిని కాను. పళ్ళు శుభ్రం చేయడం, పుచ్చు ముదరకుండా ఫ్లోరైడ్ వార్నిష్ పూయడం, పిల్ల ఏం తింటుందో, ఎప్పుడు తింటుందో తల్లిని కూర్చోబెట్టి అడగడం నా పనులు. నా పైన జూనియర్ డాక్టర్లు, వాళ్ళపైన కన్సల్టెంట్ మేడమ్. నాన్నగారి ఉద్యోగం ఎప్పుడూ డ్యాముల దగ్గరే కావడంతో పదో తరగతి దాకా ఇంట్లో ఆయన దగ్గరే చదువుకున్నాను. బడి గుమ్మం ఎక్కని నాకు నలుగురికి పనికొచ్చే ఉద్యోగం దొరకడం భగవంతుడి దయ అని ఇప్పటికీ అనుకుంటాను.

నేను చేరిన కొద్ది రోజులకే సుజాత వచ్చింది. సరోజినీ నగర్ క్వార్టర్స్‌లో ఉంటారు, కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో క్లర్కు. వెంట మూడేళ్ళు నిండిన కూతురు లాస్య, అత్తగారు సుబ్బలక్ష్మిగారు. రాజమండ్రి వైపు వాళ్ళు. సుజాతకు అప్పుడు ఏడో నెల.

లాస్య పై ముందుపళ్ళు నాలుగూ చిగురు దాకా కరిగిపోయి గోధుమరంగు మొలకల్లా ఉన్నాయి. పై దవడపళ్ళలో గుంటలు. కింది ముందుపళ్ళు మాత్రం శుభ్రంగా, తెల్లగా ఉన్నాయి. పుచ్చు ఈ వరసలో కనిపిస్తే మా వృత్తిలో మొదట అనుమానించేది రాత్రి పాలను. సీసా నోట్లో పెట్టుకునో, తల్లి పాలు తాగుతూనో నిద్రపోయే పిల్లలకు తీపి పై పళ్ళ దగ్గరే నిలిచిపోతుంది. కింది పళ్ళను నాలుక కప్పి ఉంచుతుంది, లాలాజలం కడుగుతుంది. అందుకే జూనియర్ డాక్టరు నోరు చూసీ చూడగానే, ఇది రాత్రి పాల వల్లేనని తేల్చేశాడు.

సుబ్బలక్ష్మిగారు కోడలివైపు తిరిగారు. "నే చెప్పలేదూ? నీ ఒంట్లో వేడికి పాలు విరిగి పిల్ల పళ్ళకి పట్టాయని? పుట్టబోయే బిడ్డకైనా డబ్బా పాలు పట్టమ్మా అంటే వినవు."

"వింటున్నానుగా అత్తయ్యగారూ," అంది సుజాత. తర్వాత నా దగ్గర కూర్చున్నప్పుడు గొంతు తగ్గించి చెప్పింది. లాస్యకు ఏడాది నిండగానే పాలు మాన్పించేసిందట. సీసా అలవాటే లేదట. రెండో పుట్టినరోజు ఫోటోలో పిల్ల పళ్ళన్నీ తెల్లగానే ఉన్నాయట. "అయినా అందరూ నా పాలే అంటున్నారండీ. ఈ బిడ్డకి ఇవ్వకూడదనే అనుకుంటున్నాను. మీరేమంటారు?"

ఆమె చెప్పిన వయసులు కాగితం మీద రాసుకున్నాను. ఏడాదికి పాలు మానేస్తే, రెండేళ్ళకు పళ్ళు బాగుంటే, మూడేళ్ళకు ఇంత నాశనం ఎలా జరిగింది?

ఆ వయసు పిల్లకు ఇంత పని చేయాలంటే పూర్తి మత్తు ఇవ్వాలి. పసిపిల్లకు మత్తు రెండోసారి ఇచ్చే పరిస్థితి రాకూడదన్నది మేడమ్ పద్ధతి. కారణం ఏమిటో తెలిసి, అది ఆగితే తప్ప ఆపరేషన్ తేదీ ఇచ్చేవారు కాదు. ఆ కారణం కనుక్కోవడం నా వంతు.

స్వీట్లు, చాక్లెట్లు, బిస్కెట్లు, జ్యూసు, తేనె, దగ్గు సిరప్పు... అన్నీ ఒక్కొక్కటిగా అడిగాను. దేనికీ కాదనే జవాబు. "మా ఇంట్లో చాక్లెట్ గుమ్మం దాటి లోపలికి రాదమ్మా," అన్నారు సుబ్బలక్ష్మిగారు కాస్త గర్వంగానే. పగలంతా పిల్లను చూసుకునేది ఆవిడే. పాలు మాన్పించినప్పుడే ఊరి నుంచి వచ్చి ఇక్కడ ఉండిపోయారు. హిందీ రాదు. హిందీలోనే జవాబిచ్చే మనవరాలికి పట్టుబట్టి తెలుగు, శ్లోకాలు నేర్పుతున్నానని చెప్పారు.

మేడమ్‌కి ఇదే చెప్పాను. ఆవిడ నవ్వి, "దీదీ, బోతల్ దేతే హోంగే. బతాయేంగే థోడీ?" అన్నారు. సీసా ఇస్తూనే ఉంటారు, మనతో చెబుతారా ఏమిటి అని.

వాళ్ళు అబద్ధం ఆడుతున్నారని నాకు అనిపించలేదు. రెండోసారి వచ్చినప్పుడు మంచిగా ఉన్న దవడపళ్ళ మీద కూడా సుద్దగీతల్లాంటి తెల్లని చారలు కనిపించాయి. పుచ్చు మొదలవుతోందనడానికి గుర్తు అది. అంటే కారణం ఏదో ఆ ఇంట్లో ఇంకా నడుస్తూనే ఉంది. పుట్టుకతో పంటి పైపొర బలహీనమేమో అనుకున్నాను. అదే అయితే కింది పళ్ళు మినహాయింపు ఎందుకవుతాయి? నీళ్ళేమో అనుకుంటే, అవే నీళ్ళు తాగే పక్క క్వార్టర్ల పిల్లలు బాగానే ఉన్నారు. ఒక దారి పట్టుకుంటే రెండడుగుల్లో మూసుకుపోయేది. ఇంట్లో దీపం పెడుతున్నా మనసు ఆ నోటి మీదే ఉండేది.

మూడోసారి వచ్చినప్పుడు వార్నిష్ పూశాను. అది పంటికి పట్టాలి కనుక కాసేపటి దాకా నోట్లో ఏమీ పెట్టకూడదు. అదే సుబ్బలక్ష్మిగారికి రెండుసార్లు చెప్పాను. "అలాగే తల్లీ, చుక్క నీళ్ళు కూడా పొయ్యను," అన్నారు.

లాస్య కుర్చీ దిగి, ఏడుపు మొహంతో నానమ్మ కొంగు పట్టుకుంది. "నానమ్మా, భగవాన్‌జీ వాలా దో నా."

"శ్లోకం చెప్పు మరి. ఊరికే ఇస్తారేంటి దేవుడిది?"

పిల్ల ముక్కు ఎగబీలుస్తూ వినాయకుడి శ్లోకం తడుముకోకుండా చెప్పింది. ఢిల్లీలో అంత స్పష్టంగా చదివే పిల్లను చూసి నాకు ఒళ్ళు పులకరించింది. సుబ్బలక్ష్మిగారు సంచిలోంచి చిన్న స్టీలు డబ్బా తీసి, పటికబెల్లం ముక్కొకటి పిల్ల నోట్లో వేశారు. నాకూ ఒకటి ఇచ్చారు. నేను చెయ్యి చాపి తీసుకుని, కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నాను.

వేసుకుని, వార్నిష్ సీసాకు మూత పెట్టబోయాను. నాలుక మీద పటికబెల్లం కరుగుతోంది. లాస్యవైపు చూశాను. ముక్కను పై పెదవి కిందికి తోసి దాచుకుంది. పెదవి బుడిపెలా లేచి ఉంది.

"అమ్మా, ఇలా రోజుకు ఎన్నిసార్లు ఇస్తారు?"

"శ్లోకానికొకటి. పడుకునేటప్పుడు ఒకటి. అది చప్పరిస్తూ నిద్రపోతుంది బంగారుతల్లి."

"తీపి ఏమీ పెట్టమన్నారు కదండీ!"

"ఇది తీపేంటమ్మా? ప్రసాదం!" అన్నారు ఆవిడ నిర్ఘాంతపోయి. ఆ మాటలో మాయ ఏమీ లేదు. తినే వస్తువుల్లో ఆవిడ దాన్ని ఎన్నడూ చేర్చలేదు. నేను అడిగినవాటిలోనూ అది లేదు.

మేడమ్ వచ్చి సంగతి విన్నారు. నా బుగ్గ వైపు చూసి, "దీదీ, ఆప్ భీ?" అన్నారు, మీరు కూడానా అని. నవ్వాలో సిగ్గుపడాలో తెలియలేదు.

పిల్ల పక్కనే ఉన్న సుజాత మాత్రం నవ్వలేదు. "ఇన్నాళ్ళూ నా పాలన్నారు కదండీ అత్తయ్యగారూ."

"దేవుడి ప్రసాదం పళ్ళు పాడుచేస్తుందా? ఎవరైనా వింటే నవ్వుతారు," అన్నారు ఆవిడ. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

తప్పు ప్రసాదానిది కాదని, చక్కెర గంటలకొద్దీ పంటిని అంటుకుని ఉండటానిదని చెప్పాను. మా ఇంట్లో పిల్లలకు తులసి తీర్థమే ఇచ్చేవాళ్ళమని కూడా అన్నాను.

"తీర్థానికి ఇది శ్లోకం చెబుతుందా?" అన్నారు ఆవిడ.

లాస్య చెప్పలేదు. కొన్నాళ్ళు అలిగింది. చివరికి ఆవిడే ఉపాయం కనిపెట్టారు. శ్లోకం చెబితే హారతి గంట మోగించనిచ్చేవారు. పై క్వార్టరువాళ్ళు విసుక్కున్నారు కానీ, తర్వాత చూసినప్పుడు కొత్త చారలు లేవు. మేడమ్ తేదీ ఇచ్చారు. మత్తు ఇచ్చి ముందుపళ్ళు నాలుగూ తీసేశారు, దవడపళ్ళు పూడ్చారు.

ఆ రోజు వరండాలో సుజాత మేడమ్‌ను సూటిగా అడిగింది. తన పాల తప్పు ఏమీ లేదా అని. పాలు ఆపాక చాలాకాలానికి గానీ పుచ్చు మొదలవలేదని, పుట్టే బిడ్డకు నిశ్చింతగా పాలివ్వమని, పళ్ళు వచ్చాక రోజూ తోమమని మేడమ్ చెప్పారు. సుబ్బలక్ష్మిగారు నన్ను తెలుగులో చెప్పమన్నారు. చెప్పాను. "అయితే ఇవ్వమను," అన్నారు. సుజాత రెండోబిడ్డకు పాలిచ్చింది.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా, పిల్ల తీపి తింటుందా అని ఏ తల్లినీ అడగలేదు. పొద్దున లేచిన దగ్గర్నుంచి పిల్ల నోట్లోకి ఎవరెవరి చేతి నుంచి ఏమేం వెళతాయని అడిగేదాన్ని. మందు వేరు, ప్రసాదం వేరు, తిండి వేరు అని మనం అనుకుంటాం. పంటికి ఆ తేడా తెలియదు. ప్రశ్న పంటి వైపు నుంచి అడగాలి.