పైడమ్మప్ప దగ్గర టైట్రేషన్

మొన్న ఆదివారం సింకు దగ్గర గాజుగ్లాసు కడుగుతూ తడి బొటనవేలితో అంచు రుద్దితే కీచుమంది. "పళ్ళు జివ్వుమంటున్నాయి, ఆపు తల్లీ" అని హాల్లోంచి మా ఆయన అరిచాడు. నాకు మాత్రం విజయనగరంలో నేను డిగ్రీ చదివిన కాలేజీ, ఆ కెమిస్ట్రీ ల్యాబు, గోడవారన సిమెంటు తొట్టి, దాని ముందు కొంగు నడుముకి దోపుకుని నిలబడ్డ పైడమ్మప్ప కళ్ళ ముందుకొచ్చారు. కడిగిన గాజు కీచుమంటేనే ఆవిడ లెక్కలో శుభ్రమైనట్టు. లేదంటే మళ్ళీ తొట్టిలోకే. పైడమ్మప్ప మా ల్యాబులో అటెండరు. మా వైపు అక్కని అప్ప అంటాం కాబట్టి పిల్లలందరికీ ఆవిడ అప్పే. ఎనిమిదో తరగతితో చదువాగిపోయింది. భర్త చనిపోతే ఆయన ఉద్యోగం ఈవిడకిచ్చారు. నాకు పాఠాలు చెప్పిన లెక్చరర్లు చాలామంది ఉన్నారు, అందరి మీదా గౌరవం ఉంది. కానీ నాకు కెమిస్ట్రీ చేతికొచ్చింది ఈవిడ వల్ల. ఈ మాట ఇన్నేళ్ళూ ఎక్కడా చెప్పకపోవడం నా తప్పే.

మాది చీపురుపల్లి దగ్గర పల్లె. నాన్న గోగు, నువ్వులు పండించే రైతు. హైస్కూల్లో ఉండగా డ్రిల్లు మాస్టారు సరదాగా ఎత్తించిన బరువు నన్ను పట్టుకుని వదల్లేదు. డిగ్రీకి వచ్చేసరికి యాభై ఎనిమిది కిలోల విభాగంలో పోటీలకు వెళ్ళేదాన్ని. తెల్లవారుతూనే కాలేజీ వెనక రేకుల షెడ్డులో వెయిట్ లిఫ్టింగ్, తొమ్మిదిన్నరకి క్లాసు, సాయంత్రం మళ్ళీ షెడ్డు. మొదటి ఏడాది కెమిస్ట్రీ పేపరు పోయింది. సప్లిమెంటరీ రాసి, చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు బయటపడ్డాను. ఆ ఫలితం వచ్చిన రోజు నాన్న నన్ను చేలోకి పిలిచి, గోగుమొక్కల మధ్య నిలబడి నెమ్మదిగా అన్నాడు.

"రెండు పడవల మీద కాళ్ళేసి ఏరు దాటుతానంటన్నావు. నాను ఒద్దన్ను. కానీ ఇంకొక్క సబ్జెక్టు పోయినాదంటే ఆ ఇనుము ఒగ్గేయాల. మాటిస్తావా?"

కోపంగా అని ఉంటే ఎదురు చెప్పేదాన్ని. నెమ్మదిగా అనేసరికి, ఇంకోటి పోతే బరువులు వదిలేస్తానని ఇచ్చేశాను మాట. మా కోచ్ గారిది వేరే లెక్క. "పాసు మార్కులొస్తే చాలమ్మా, స్పోర్ట్స్ కోటాలో ఏదో ఉద్యోగం వస్తాది" అనేవారు. నాకది నచ్చేది కాదు. నాకు బరువులెత్తే బార్ ఎంతిష్టమో కెమిస్ట్రీ కూడా అంతే ఇష్టం. రెంటిలో ఒకదాన్ని అత్తెసరుతో సరిపెట్టుకోమంటే ఒళ్ళు మండేది. మొండిదాన్నని మా ఇంట్లో అందరూ అంటారు. ఆ మాట నిజమే.

రెండో ఏడాది రాష్ట్రం విడిపోయే గొడవల్లో నెలల తరబడి బందులు జరిగి కాలేజీలు మూతపడ్డాయి. తెరిచాక సిలబస్సు, రికార్డులు, ప్రాక్టికల్సు అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. ఆర్గానిక్ రియాక్షన్లు కాగితాల మీద రాసి షెడ్డు గోడకి అంటించుకున్నాను. ఒక సెట్టుకీ ఇంకో సెట్టుకీ మధ్య మూడు నిమిషాల విశ్రాంతి, ఆ మూడు నిమిషాల్లో ఒక రియాక్షను. చేతులకు రాసుకునే మెగ్నీషియం పొడి రికార్డు నిండా అంటుకునేది. థియరీ అలా దారికొచ్చింది. ప్రాక్టికల్సు రాలేదు. బరువులెత్తి వచ్చిన రోజు నా చేతులు రెండు మూడు గంటలు వణుకుతూనే ఉండేవి. టైట్రేషన్‌లో వణుకుడు చేతులకి చోటు లేదు. బ్యూరెట్టనే గీతల గాజుగొట్టంలోంచి ఊదారంగు పర్మాంగనేటు చుక్క చుక్కగా వదలాలి, కింద ఫ్లాస్కులో లేత గులాబీ రంగు నిలవగానే ఆపాలి. ఒక్క చుక్క ఎక్కువైనా రంగు ముదిరిపోతుంది. కనీసం రెండుసార్లు ఒకే రీడింగు వస్తేనే లెక్కలోకి తీసుకుంటారు.

ఒక మంగళవారం నాకు మొదటిసారి పంతొమ్మిది పాయింట్ ఎనిమిది వచ్చింది, రెండోసారి ఇరవై పాయింట్ ఆరు. టైము అయిపోతోంది. క్లాసులో అందరూ చేసే పనే నేనూ చేశాను. రెండోచోట కూడా పంతొమ్మిది పాయింట్ ఎనిమిదనే రాసేశాను. పైడమ్మప్ప బ్యూరెట్టు తీసుకెళ్ళడానికి వచ్చి, దాన్ని చూసి, నా కాగితం చూసి ఆగిపోయింది.

"ఓలె గుంటా, ఇది ఇరవై దాటినాది. నీ కాయితమ్మీద పంతొమ్మిదున్నాది. ఏటిది?"

"అందరూ అలాగే రాస్తారప్పా."

"అందరి సంగతి నానడగనేదు. సెయ్యేటి అలగ ఒణుకుతాది? జొరమా?"

పొద్దున్న బరువులెత్తి వచ్చానని చెప్పాను. ఎంతెత్తావని అడిగింది. యాభై ఎనిమిది కిలోలు తల మీదికి ఎత్తానంటే నన్ను కింద నుంచి పైదాకా చూసింది. "రెండు బియ్యం బస్తాలు దాటిపోనాది గదే! మరి ఎత్తనేకపోతే ఏటి సేస్తారు? ఎత్తినట్టు రాసేసుకుంతారా?"

నాకు రోషం పొడుచుకొచ్చింది. "రాసుకోడానికి ఉండదు. మూడు ఛాన్సులిస్తారు. మూడూ పోతే ఇంటికే."

"అక్కడ మూడే. ఇక్కడ ఎన్నిసార్లయినా సేసుకోవచ్చు గదా. మరి అబద్దమెందుకే?"

 కాగితం చింపేసి, ఆ రోజుకి లెక్చరరు సంతకం లేకుండానే బయటికి వచ్చాను. తలుపు దగ్గర ఆవిడ వెనకనుంచి కేకేసింది. "రేపు మజ్జానం అన్నం తినీసి ఇలగొచ్చీ."

అలా మొదలయ్యాయి మా పాఠాలు. మధ్యాహ్నం లెక్చరర్లు భోజనానికి వెళ్ళిన ముప్పావు గంటలో, ముందు పదిహేను రోజులు వట్టి నీళ్ళతోనే చేయించింది. మోచెయ్యి బల్లకి ఆనించమంది. పిపెట్టు పీల్చాక ఊపిరి బిగబట్టొద్దని, వదులుతూ చూపుడువేలు సడలించమని చెప్పింది. నేను బ్యూరెట్టు మర కుడిచేత్తో తిప్పుతుంటే చేతి మీద ఒక్కటేసింది. "మీ బరువు ఒంటిసేత్తో ఎత్తుతారేటి? ఎడంసేతికి సెలవిచ్చినావా? దాంతో మర తిప్పు, కుడిసేత్తో ఫ్లాస్కు కలుపు." ముదురు రంగు ద్రావణమైతే పై అంచు దగ్గర రీడింగు తియ్యాలని కూడా ఆవిడే చెప్పింది. లెక్చరరు గారు అదే మాట చెప్పినప్పుడు నేను నిద్రలో ఉన్నానేమో. ఇవన్నీ ఎలా వచ్చని అడిగితే, "ఇరవయ్యేళ్ళుగా గాజు కడుగుతన్నాను. కడుగుతా సూస్తన్నాను" అంది.

ఒకరోజు తలుపు దగ్గరికి వేసి తనే చేసి చూపించింది. రెండు రీడింగులూ చుక్క తేడా లేకుండా కలిశాయి. ఆవిడ మొహంలో అంత సిగ్గు, అంత సంతోషం నేను అంతకుముందు చూడలేదు. వెంటనే గాజుసామానంతా తొట్టిలో వేసేసి, "ఎవులికీ సెప్పకు. అటెండర్లు సేస్తే సార్లకి కోపమొస్తాది" అంది.

బరువులెక్కువ ఎత్తే రోజులు ప్రాక్టికల్స్ రోజుల్లో పడకుండా చూసుకోమన్నదీ ఆవిడే. కోచ్ గారిని అడిగితే మండిపడ్డారు. "నీ ల్యాబు కోసం నా షెడ్యూలు మార్చాలా?" నాకు భయం వేసింది, అయినా చెప్పాను. "ఫెయిలైతే మా నాన్న నన్ను మాన్పించేస్తాడు సార్. మీకు లిఫ్టరు ఉండదు."  మూడో రోజు మంగళ, శుక్రవారాలకి తేలిక బరువులు రాసిన కాగితం నా చేతిలో పెట్టారు.

బందుల వల్ల వెనక్కి జరిగిన కాలేజీల పోటీలు చివరికి మార్చిలో శ్రీకాకుళంలో పెట్టారు. సరిగ్గా ఆ మర్నాడే పొద్దున్న నా కెమిస్ట్రీ ప్రాక్టికల్ పరీక్ష. డాక్టరు సర్టిఫికెట్టు పెట్టి పరీక్ష సప్లిమెంటరీకి రాయమన్నారు కోచ్ గారు. నాన్న లెక్కలో సప్లిమెంటరీ అంటే ఫెయిలే. పోటీ మానెయ్యమంది మా అమ్మ. రెండూ వదలనని ఇద్దరికీ చెప్పేశాను.

ఒక్క ఊపున తల మీదికి ఎత్తే స్నాచ్‌లో అరవై కిలోలు రెండుసార్లు పడేశాను, రెండుసార్లూ ఎర్ర లైట్లు. మూడో ఛాన్సులో ఎత్తాను. దించేటప్పుడు కుడి అరచేతిలో కాయ కట్టిన చర్మం లేచిపోయింది. రక్తం తుడుచుకుని, ముందు భుజాల దాకా ఆపైన తల మీదికి ఎత్తే క్లీన్ అండ్ జర్క్ పూర్తిచేశాను. మొదటి స్థానం వచ్చింది, యూనివర్సిటీ జట్టుకి పేరు రాసుకున్నారు. వచ్చే ఏడాది దక్షిణాది పోటీలకు వెళ్ళొచ్చు, రేపటి పరీక్ష పోకపోతే. సాయంత్రం బస్సులో విజయనగరం వస్తూ అరచేతిని ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు ల్యాబు బయటే పైడమ్మప్ప నా చెయ్యి లాక్కుని చూసింది. "ఎత్తినావా?" అని అడిగింది. ఎత్తానన్నాను. ఉతికిన పాతచీర పేలిక ఒకటి తెచ్చి, వేళ్ళు ఆడేలా వదిలి, అరచేతికి గట్టిగా కట్టింది. నాకు ధైర్యం వచ్చింది. ఎందుకో చెప్పాలి. పరీక్షకి ఒక్కొక్కరికి ఒక్కో బలమున్న ద్రావణం ఇస్తారు. వాటిని ఫ్లాస్కుల్లో పోసేది పైడమ్మప్పే, కాబట్టి ఎవరికి ఎంత రీడింగు రావాలో ఆవిడకి తెలుసు. ఏడుపు మొహాలు చూడలేని మనిషి. డిస్టిల్డ్ వాటర్ సీసా పట్టుకుని తిరుగుతూ, బతిమాలినవాళ్ళకి నోట్లోనే గొణిగినట్టు అంకె చెప్పేసేది. అది ల్యాబులో అందరికీ తెలిసిన రహస్యం. నాకు చెప్పకుండా ఉంటుందా?

నా పక్కనున్న అమ్మాయికి చెప్పింది. వెనక బల్ల అతనికి చెప్పింది. నా దగ్గరికి వచ్చినప్పుడు మెల్లిగా అడిగాను. "అప్పా, నాది?"

నీళ్ళు పోసి వెళ్ళిపోయింది.

రెండోసారి వచ్చినప్పుడు కట్టు కట్టిన చెయ్యి ముందుకి చాపాను. "నా చెయ్యి చూశావు కదప్పా."

"సూసినాను" అంది. మళ్ళీ వెళ్ళిపోయింది.

ఆ క్షణాన ఆవిడ మీద వచ్చినంత కోపం నాకు ఎవరి మీదా రాలేదు. కళ్ళనీళ్ళు తిరిగాయి. తర్వాత ఇక చేసేదేం లేక మోచెయ్యి బల్లకి ఆనించాను. మొదటిది ఇరవై రెండు పాయింట్ నాలుగు. రెండోది ఇరవై ఒకటి పాయింట్ ఏడు. యాసిడ్ తడి కట్టులోంచి దిగి అరచెయ్యి భగ్గుమంది. మూడోది ఇరవై ఒకటి పాయింట్ తొమ్మిది. నాలుగోది మొదలుపెట్టేసరికి పదిహేను నిమిషాలే ఉన్నాయి. ఎడమచేత్తో మర తిప్పుతూ ఊపిరి వదిలాను. లేత గులాబీ. ఇరవై ఒకటి పాయింట్ తొమ్మిది.

నాలుగూ రాశాను. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినరు గారు కాగితం చూసి, "కలిసినవి రెండు రాస్తే సరిపోయేది కదమ్మా, ఇవన్నీ ఎందుకు?" అన్నారు. "వచ్చినవి రాశాను సార్" అన్నాను. నా కట్టు వైపు చూసి సంతకం పెట్టారు.

అందరూ వెళ్ళాక తొట్టి దగ్గరికి వెళ్ళి నిలదీశాను. ఊరందరికీ చెప్పావు, నాకెందుకు చెప్పలేదు, నేను ఫెయిలైతే నా ఆట పోతుందని తెలుసు కదా అని అరిచేశాను. ఆవిడ ఇటు తిరగలేదు. చేతులు తొట్టిలోనే ఉన్నాయి, కానీ ఏమీ కడగడం లేదు.

"ఆలకి నానేటీ నేర్పనేదు. అడిగినారు, సెప్పినాను. నీకు నేర్పినాను." "నీకూ సెప్పీసినాననుకో, మరి నాను నేర్పింది ఏటయిపోద్ది?"

 అప్పటిదాకా అది నా ఒక్కదాని పరీక్షే అనుకున్నాను. ఇరవయ్యేళ్ళు తొట్టి దగ్గర నిలబడి ఆవిడ నేర్చుకున్నదంతా ఒకే ఒక్క పిల్లకి చెప్పుకుంది. అది నిలబడుతుందో లేదో చూసుకోడానికి ఆవిడకి నేను తప్ప ఇంకెవరూ లేరు. ఏంచెయ్యాలో తెలీక పక్కన నిలబడి ఆ రోజు గాజంతా ఎడమచేత్తో కడిగాను.

ప్రాక్టికల్‌లో యాభైకి నలభై మూడు వచ్చాయి, మిగతా పేపర్లూ గట్టెక్కాయి. ఫోన్లో నాన్న, "అయితే ఇనుము ఒగ్గక్కర్నేదు" అన్నాడు, అంతే. మార్కుల కాగితం పైడమ్మప్పకి చూపిస్తే అంకె మీద వేలు పెట్టి, "మిగతా ఏడూ ఏటయినాయే?" అని అడిగింది. నవ్వుతూనే అడిగింది. కానీ ఆ మధ్యాహ్నమే మళ్ళీ పిపెట్టు పట్టించింది. మరుసటేడు దక్షిణాది పోటీల్లో ఆరో స్థానంతో తిరిగొచ్చాను. తర్వాత ఎమ్మెస్సీ చేశాను. ఆవిడ రిటైరయ్యి బొబ్బిలిలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు నేను ఒక హైస్కూల్లో సైన్సు చెబుతున్నాను. సాయంత్రాలు ఆరుగురు ఆడపిల్లల చేత బరువులెత్తిస్తాను. వాళ్ళలో ఒకమ్మాయి పోయిన నెల పరీక్షలో లెక్క మధ్యలో ఆగిపోయి, తలెత్తి నా వైపు చూసింది. పొద్దున్న పోటీలో నడుము పట్టేసినా వచ్చి కూర్చుంది. ఏ మెట్టులో తప్పిందో నాకు నిలబడ్డచోటి నుంచే కనిపిస్తోంది. ఒక్క మాట చాలు. ఆ పిల్లకి ఆ లెక్క నేర్పింది నేనే. కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను, గంట కొట్టేదాకా. పైడమ్మప్ప ఆ రోజు మూడు గంటలు ఎలా ఉగ్గబట్టుకుందో నాకప్పుడు గాని తెలిసిరాలేదు.