మా నాన్న షాపు బంక్ కొట్టిన సోమవారం

మా చీపురుపల్లి బజారులో పొద్దున్న ఎనిమిదింటికి ఏ దుకాణం షట్టరైనా లేవలేదంటే, ఆ ఇంట్లో ఎవరో పోయారనే లెక్క. అందుకేనేమో, మా నాన్న సూర్యారావు ముప్పయ్యేళ్ళలో ఒక్కనాడూ తన కిరాణా షాపు తెరవకుండా ఉండలేదు. జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా కూర్చుని కందిపప్పు తూచిన మనిషి. నా పెళ్ళి ముహూర్తం రాత్రికి పడింది కాబట్టి సరిపోయింది.

2015 వేసవిలో ఆయన మెడ పక్కన గడ్డ లేచింది. విజయనగరంలో డాక్టరు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపి, సోమవారం వచ్చి కనబడమన్నాడు. ఆ సోమవారం నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, "బోణీ సేసుకుని వచ్చేస్తాను" అంటూ షట్టరెత్తాడు. ఎత్తిన షట్టరు బోణీ కాకుండా దించకూడదు. బోణీ అయ్యేసరికి రెండో బేరం, మూడో బేరం. బస్సు పోయింది. పై సోమవారమూ అదే తంతు. అమ్మ దేవుడి గదిలో కూర్చుని ఏడవడం మొదలుపెట్టింది.

నేను విజయనగరంలో కాలేజీ పిల్లలకు పాఠాలు చెబుతాను. నోటిదురుసు కొంచెం ఎక్కువే. ఆదివారం వచ్చి కడిగేశాను.

"నువ్వు ఆసుపత్రి బంక్ కొడతన్నావు నాన్నా!"

"బంక్ కొట్టడమంటే ఏటే?"

"ఎల్లాల్సిన సోటికి ఎల్లకుండా ఎగ్గొట్టడం. మా పిల్లలు క్లాసు బంక్ కొడతారు, ఉద్యోగస్తులు ఆఫీసు బంక్ కొడతారు. జొరమొచ్చి మానేస్తే అది బంక్ అవదు. ఎల్లగలిగుండీ మానేస్తేనే."

నాన్న మెడ మీది గడ్డ తడుముకున్నాడు.

"అయితే నాను కొట్టింది బంకే" అన్నాడు. "బోణీ కోసం కాదే హైమా. ఆ డాక్టరు ఏటి సెప్తాడోనని బయమేసింది."

వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను.

మర్నాడు ఆయన తాళంచెవుల గుత్తి అమ్మ చేతిలో పెట్టి, షాపు వైపు చూడకుండా మా ఇద్దరితో కలిసి బస్సెక్కాడు. డాక్టరు కాగితం చదివి, "ఉత్త కొవ్వు గడ్డండీ, భయం లేదు" అన్నాడు. నాన్న మళ్ళీ మళ్ళీ అడిగి అదే మాట మూడుసార్లు చెప్పించుకున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

బయటికి రాగానే నాన్న ఫోను మోగింది. ఎదురింటి గున్నమ్మ. ఏడుపు గొంతు మా అందరికీ వినబడింది.

"బాబూ, షాపు తీయలేదు, ఇంటికీ తాలం ఉన్నాది. జనం పోగైపోనారు. ఎవులు పోయినారు బాబూ?"

"ఎవులూ పోలేదు గున్నమ్మా!" ఆసుపత్రి గేటు దగ్గర అందరూ తిరిగి చూసేలా అరిచాడు నాన్న. "నానే షాపు బంక్ కొట్టినాను. బంకంటే ఏటో వచ్చినాక సెప్తాను. రేపు ఎనిమిదింటికి షట్టరెత్తుతాను, నువ్వే బోణీ సెయ్యాల!"