మా అన్నకు కనిపించని మొదటి అక్షరం

మా అన్నకు కేసముద్రంలో, మార్కెట్ యార్డు ఎదురుగా విత్తనాలు, పురుగుమందుల దుకాణం ఉంది. యాభై దాటాక ఆయనకు ఇంగ్లిష్ చదవాలన్న పట్టుదల పుట్టింది. డబ్బాల మీద ఏం రాసుందో చదివి చెప్పమని రైతులు అడిగినప్పుడల్లా పక్క దుకాణానికి పరిగెత్తాల్సి వస్తోందని ఆయన బాధ. నేను హన్మకొండలో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లిష్ చెప్తాను. అందుకని ఆదివారాలు రైలెక్కి వరంగల్‌లో దిగి, ఆటోలో సుబేదారిలోని మా ఇంటికి వచ్చేవాడు.

ఒక్కో మాటా బట్టీ పట్టడం ఆయన వల్ల కాలేదు. అందుకే ఒకే అక్షరాల ముక్క ఉన్న మాటలను గుంపుగా నేర్పేదాన్ని. బాల్, కాల్, టాల్, వాల్ అన్నట్టు. వెనక ముక్క తెలిస్తే ముందు అక్షరం మార్చుకుంటూ పోవడమే. ఆయనకది తెగ నచ్చింది. ఇంగ్లిషోళ్లు మహా పిసినారులని, ఒకే ముక్కను అన్ని మాటలకూ వాడుకున్నారని నవ్వేవాడు.

ఆ ఆదివారం కూడా మామూలుగానే వచ్చాడు. పాత పాఠం గడగడా అప్పజెప్పాడు. నేను చాయ్ పెట్టడానికి వంటింట్లోకి వెళ్తూ, వైట్‌బోర్డు మీద కొత్త గుంపు రాసిపెట్టి, చదువుతూ ఉండమని ఆయనకు చెప్పాను. హ్యాండ్, ల్యాండ్, స్యాండ్, బ్యాండ్. అన్నింటి చివరా ఎ, ఎన్, డి.

చాయ్ తెచ్చి ఆయన ఎడమపక్క స్టూలు మీద పెట్టి, చదవమన్నాను.

"యాండ్," అన్నాడు. రెండోది చూపించాను. "యాండ్." మూడోదీ అంతే, నాలుగోదీ అంతే.

ఆటపట్టిస్తున్నాడనుకుని నవ్వాను. ముందు అక్షరం కలిపి చదవమన్నాను. ఆయన బోర్డు వైపు తేరిపార చూసి, నా వైపు తిరిగాడు. ముఖంలో ఎక్కడా నవ్వు లేదు.

"ముందల అక్షరం ఏడుందే చెల్లె? ఒక్కటే మాట నాలుగుసార్లు రాసినవ్ గదా."

హెచ్ అక్షరం కింద వేలు పెట్టి చూపించాను. ఆయన చూపు ఎ దగ్గరే ఆగిపోయింది. అంతలో, చాయ్ తెస్తానని తేలేదేమని అడిగాడు. కప్పు ఆయన మోచేతి పక్కనే పొగలు కక్కుతోంది.

"అన్నా, రెండు చేతులు పైకి లేపు," అన్నాను.

కుడిచెయ్యి లేచింది. ఎడమది ఒళ్లోనే పడి ఉంది.

"లేపిన గదా," అన్నాడు, ఎంతో నమ్మకంగా.

నన్ను ఇప్పటికీ వెంటాడేది ఆ నమ్మకమే. సగం లోకం మాయమైపోతే అది మాయమైనట్టు కూడా మనిషికి తెలియకపోవడం నేను అంతవరకు ఎరుగను. మా ఆయనను కేకేశాను. ఇద్దరం కలిసి అన్నను కార్లో కూర్చోబెట్టి దవాఖానకు తీసుకెళ్లాం. తనకేం కాలేదని, ఆదివారం పూట ఈ లొల్లి ఏందని దారి పొడుగునా కోప్పడుతూనే ఉన్నాడు.

అక్కడి డాక్టరమ్మ ఒక కాగితం మీద అడ్డగీత గీసి నడుమ చుక్క పెట్టమంది. అన్న కుడి కొస దగ్గర పెట్టాడు. స్కాన్ తీశారు. మెదడు కుడిపక్క రక్తం గడ్డకట్టిందట. కళ్లు బాగానే ఉన్నాయని, ఎడమపక్క ఉన్నదాన్ని మెదడు లెక్కలోకి తీసుకోవడం లేదని ఆమె చెప్పింది. ఎప్పుడు మొదలైందని అడిగింది. పాత మాటలు సరిగ్గా చదివాడని, చాయ్ కాగేలోపే కొత్తవి అన్నీ ఒకటైపోయాయని చెప్పాను. అదే సంగతి రెండోసారి అడిగి ఖాయం చేసుకుంది.

"టైముకే తీసుకొచ్చిండ్రమ్మా. గడ్డ కరిగే ఇంజెక్షన్ ఇయ్యొచ్చు," అంది.

ఫోన్ చేస్తే వదిన ఏడవలేదు. పొద్దున తన చేతి ఉప్మా తిని నవ్వుకుంటూ రైలెక్కిన మనిషికి ఇంతలోనే ఏమైందని అదే మాట మళ్లీ మళ్లీ అడిగింది. సాయంత్రానికి వచ్చి ఆయన ఎడమపక్క కూర్చుంటే, మీ వదిన ఇంకా రాలేదా అని నన్నడిగాడు. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, లేచి మంచం చుట్టూ తిరిగి కుడిపక్కకు వచ్చింది.

చెయ్యి తొందరగానే కదిలింది. చూపు కుదురుకోవడానికి మాత్రం నెలలు పట్టింది. చాలాకాలం కంచంలో కుడి సగమే తిని, ఇంకొంచెం పెట్టమనేవాడు. కాగితం ఎడమ అంచున ఎర్రగీత గీసి, అది కనబడేదాకా తల తిప్పాకే చదవడం మొదలుపెట్టాలని దవాఖానలో నేర్పించారు. ఇప్పుడు దుకాణంలో డబ్బా చేతికి తీసుకున్నా ముందు దాని ఎడమ అంచును వేలితో తడుముతాడు.

ఆయనను ఒంటరిగా రైలెక్కించడానికి వదిన ఒప్పుకోదు. ఆదివారాలు ఇద్దరూ వస్తున్నారు. ఊరికే కూర్చోవడం ఎందుకని ఆమె కూడా నేర్చుకోవడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఆయన తల తిప్పి అంచు వెతుక్కునేలోపే ఆమె మాట మొత్తం చదివేస్తోంది. జర ఆగమని ఆయన బతిమాలుతాడు. ఆమె ఆగదు.