మామిడి మొద్దులో కరకర

మా చిన్నప్పుడు... సూరత్ ఖటోదరాలో మా గదుల వెనకే మరమగ్గాలు. పగలూ రాత్రీ ఒకటే దడదడ. వారానికోసారి కరెంటు ఆపే రోజున మాత్రం పిల్లి నడిచినా వినిపించేది...

అలాంటి ఒక రోజు, గుమ్మం పక్కన మామిడి మొద్దు మీద కూర్చుంటే, దాని లోపల ఎవరో సకినాలు నములుతున్నట్టు కరకర!

వాకిట్లో పురుగు పట్టిన చెట్టును కొట్టేస్తే మా వాటాకు వచ్చిన మొద్దు అది. రోజూ దాని కింద రాలే పొట్టును ఊడ్చేది నేనే. అయినా లోపల ఒక ప్రాణి ఉందని ఆ రోజే తెలిసింది.

బాపును పిలిచాను. మగ్గాలు నడిపీ నడిపీ ఆ మోతకు ఆయన చెవులు మందగించాయి. అందుకే మగ్గం నడక తెలుసుకోవడానికి దాని మీద ఆనించినట్టే మొద్దు మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకున్నాడు.

"ఆఁ... నడుస్తున్నది."

ఎండలు ముదిరాక కరకర ఆగిపోయింది. పొట్టు రాలడమూ ఆగింది. పొయ్యిలోకి చీల్చడానికి అమ్మ గొడ్డలి తెచ్చింది. నేను మొద్దును వాటేసుకున్నాను.

"సచ్చిన పురుగుకు కావలి ఏందే? జర జరుగు!"

"బాపూ, నువ్వన్న చెప్పు!" అని ఆయన చెవి దగ్గర అరిచాను.

బాపు మళ్లీ అరచెయ్యి పెట్టాడు. ఏమీ తగల్లేదని ఆయన ముఖమే చెప్పింది. అయినా, "మగ్గం ఆగిందని తుక్కుకు అమ్ముకుంటమా? వానలు పడేదాక ఆగు" అన్నాడు.

"బిడ్డకు పిచ్చి, తండ్రికి చెవుడు... మంచిగ కుదిరిండ్రు!" అంటూ అమ్మ గొడ్డలి లోపల పెట్టింది.

తొలకరి పడిన సాయంత్రం... మొద్దుకు ఒక పక్కన బొటనవేలు పట్టేంత రంధ్రం. అందులోంచి ముందు రెండు మీసాలు. తరవాత నల్లని కళ్లు, మెడకు అటూ ఇటూ ముళ్లు, బూడిదరంగు వీపు మీద నారింజ చుక్కలు. ఒళ్లు నా వేలంత, మీసాలు దానికన్నా పొడుగు! బాపు మెల్లగా పట్టుకుంటే కిర్రుమంది. ఆ వణుకు వేళ్లకు తెలిసిందేమో, ఆయన నవ్వాడు.

గొడ్డలి తెచ్చిన అమ్మే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వంగి చూసింది. "అవ్వో... ఏ మగ్గం మీద నేసిండ్రే దీన్ని!"

బాపు చెయ్యి చాపాడు. అది రెక్కలు విప్పి వానలోకి వెళ్లిపోయింది.

అది ముందు కాళ్లు లేని తెల్ల పురుగుగా ఏడాదికి పైగా చీకట్లో కట్టె తింటుందని, ఆ తరవాత తిండి మానేసి కదలకుండా రూపు మార్చుకుంటుందని పెద్దయ్యాక తెలిసింది. అంటే... మేము చచ్చిందనుకున్న రోజుల్లోనే దానికి మీసాలు మొలిచాయి!

ఇప్పుడు మా ఫ్లాటులో తలుపులు కూడా ప్లైవుడ్‌వే. బాపు లేడు. తొలకరి పడితే మాత్రం నా అరచెయ్యి దానంతటదే తలుపు మీద ఆనుతుంది... లోపల ఏదీ నడవదు.

మీ ఇంట్లో పాత కట్టె ఏదైనా మిగిలి ఉంటే, ఒకసారి చెవి ఆనించి చూడండి. ఏం వినిపించిందో నాకూ చెప్పండి...