సొరంగాల అడవిలో మా అత్తగారి కొబ్బరికాయ

పరాయి దేశంలో నలభై మందిని ఒక్క కొబ్బరికాయతో నేలమీద బోర్లా పడుకోబెట్టిన ఘనత నాది. మరీ నలభై కాదులెండి, ఇరవై ఉంటారు. పాప లేచేలోగా ఆ ఘోరం చెప్పేస్తాను.

పాప పుట్టకముందు సంగతి. వీపున సంచులు తగిలించుకుని వియత్నాం తిరిగొద్దామని మావారికీ నాకూ బుద్ధి పుట్టింది. పెళ్ళయి చాన్నాళ్ళయినా పిల్లల్లేరు. "విశేషమేమైనా ఉందా?" అని అడిగే చుట్టాలకి అందనంత దూరం పోవాలనిపించింది. బయల్దేరేముందు మా అత్తగారు పసుపు రాసిన కొబ్బరికాయ ఒకటి నా చేతిలో పెట్టారు.

"మీకు ఓ నలుసు కలగాలని మొక్కేనమ్మా. సముద్రం దాటేక అక్కడి నేలమీద కొట్టు. కొట్టకుండా మాత్రం వెనక్కి తేకు, మంచిది కాదు."

"ఆయ్, అలాగేనండి అత్తయ్యగారూ."

"కొబ్బరికాయలు అక్కడ కాయవేంటే?" అన్నారు మావారు.

"కాస్తాయండి. మీ అమ్మగారు మొక్కినవి కాయవు."

అంబాజీపేటకి కొబ్బరికాయ మోసుకెళ్ళేవాణ్ణి చూస్తే మావైపు నవ్వుతారు. నేను అంబాజీపేటలోనే పుట్టి, కొబ్బరి వర్తకుడి కూతుర్నై ఉండి, వీధివీధినా బోండాలమ్మే సైగాన్‌కి కాయ మోసుకెళ్ళాను. నన్ను చూసి ఎవరు నవ్వాలో మీరే చెప్పండి.

మన రోహిణి కార్తె అక్కడ సొంతిల్లు కట్టుకుని స్థిరపడిపోయినట్టుంది. చెమటకి సంచి వీపుకి అతుక్కుపోయింది. కాయ కొడదామంటే చోటు లేదు. మేమున్న బసలో నున్నటి పలకల నేల. రోడ్డు మీద చీమల బారుల్లా మోటారుసైకిళ్ళు. యుద్ధం మ్యూజియంలో ఫొటోలు చూశాక సంచి విప్పాలనే అనిపించలేదు. పాత అధ్యక్షుడి భవనం ముందు నిలబెట్టిన యుద్ధ ట్యాంకుని చూశాక మాత్రం కాస్త ఆశ పుట్టింది.

"ఏవండీ, ఈ ట్యాంకు ముందు కొట్టేస్తే? కొత్త లారీకి కొట్టమా ఏంటి?"

"అది లారీ కాదే తల్లీ! కాపలావాడు మనకేసే చూస్తున్నాడు. నడు."

ఆఖరి రోజొచ్చింది. మర్నాడే విమానం, సంచిలో కాయ కాయలాగే ఉంది. ఆ రోజు ఊరికి దూరంగా అడవిలో, యుద్ధంలో జనం భూమి కింద తవ్వుకుని బతికిన సొరంగాలు చూడ్డానికి వెళ్ళాం. మా గైడు పేరు మిన్, నవ్వుమొహం కుర్రాడు. సొరంగంలో పిల్లిలా పాకాలి. వీపున కాయ ఉండటం వల్ల నేను గేదెలా పాకాను.

"ఆ సంచి పైనే పెట్టొచ్చుగా!" ముందునుంచి మావారు.

"మొక్కిన కాయని ఎవరికో అప్పగించి వస్తామేంటండీ?"

మట్టి కొట్టుకుని పైకొచ్చేసరికి ఎదురుగా కనబడింది. చెట్టు మొదట్లో, నేలలోంచి సగం పైకి లేచి, నాచు పట్టి, గుండ్రంగా ఉన్న రాయి. కాయ కొట్టడానికే దేవుడు పాతినట్టుంది. మిన్ మిగతావాళ్ళని పోగేసుకుని అవతల ఏదో చెబుతున్నాడు. ఇదే అదనని కళ్ళు మూసుకుని, దణ్ణం పెట్టుకుని, ఒక్కటిచ్చాను.

ఠంగ్!

రాయి మోగింది. మోగే రాయేమిటని మీకు తట్టింది, నాకు తట్టలేదు. ఒక్క దెబ్బకి కాయ పగలకపోతే అంబాజీపేట పరువేం కావాలని మాత్రం తట్టింది. రెండోది ఇంకా గట్టిగా ఇచ్చాను.

"మేడమ్! ఆపండి!" మిన్ పరిగెత్తుకొస్తున్నాడు.

"ఒక్క నిమిషమండీ, మీక్కూడా పెడతాను," అని మూడోది ఇచ్చాను.

కాయ పగిలింది. సరిగ్గా అదే క్షణంలో, పక్కనే యాత్రికులు సరదాగా తుపాకులు కాల్చే చోట ఢామ్మంది. చెట్టుకి అటువైపు బోర్డు చదువుతున్న ఒక పెద్దాయన "బాంబు!" అని కేక పెట్టాడు. అందరూ ధబధబా నేలమీద పడ్డారు. మావారు ముందు పడ్డారు, తర్వాత గుర్తొచ్చి నన్ను లాగారు. ఆ వరస ఇప్పటికీ మా ఇంట్లో చర్చకొస్తూ ఉంటుంది.

"లేవండి, ఏం కాదు. అది పాత బాంబు తాలూకు ఖాళీ డొల్ల," అన్నాడు మిన్, ఆయాసపడుతూ. "ఖాళీదని మీకెలా తెలుసు మేడమ్?"

"బాంబనే తెలీదండీ నాకు."

"అసలెందుకు కొట్టారు?"

మావారు మట్టి దులుపుకుంటూ, నేల చూపులు చూస్తూ, "పిల్లల కోసం," అన్నారు.

మిన్ కింద పడ్డ చిప్పలు ఏరి నాకిచ్చాడు. తర్వాత చెయ్యి చాపాడు. "నాకూ ఒక ముక్క పెట్టండి. మా అమ్మ ఈ సొరంగంలోనే పుట్టింది."

చిప్పలు చూస్తే లోపల తెల్లటి పువ్వు! సాయంత్రం ఫోనులో అత్తగారు ఎగిరి గంతేసినంత పని చేశారు.

"పువ్వొచ్చిందా! ఇంకేం, శుభం! రాయి మీదే కొట్టేరా?"

"ఆయ్... ఇనప రాయండి."

మరుసటి ఏడు పాప పుట్టింది. ఇప్పుడు ఇంట్లో పగలని గిన్నెంటూ లేదు. అరిచిందంటే మామయ్యగారు పడక్కుర్చీతో సహా ఉలిక్కిపడతారు. "ఇది ఎవరి పోలికో!" అని అత్తగారు బుగ్గలు నొక్కుకుంటే, మావారు, నేను గోడకేసి చూస్తాం.

ఇక మీదట మోగే రాయి మీద కాయ కొట్టనని ఈ బిడ్డ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఆ ప్రమాణం ఎన్నాళ్ళు నిలుస్తుందో మాత్రం తెలియదు. ఈ పొద్దున్నే అత్తగారు ఇంకో కాయకి పసుపు రాసి పెట్టారు.

"రెండోవాడి కోసమమ్మా. కలిసొచ్చిన రాయి. మళ్ళీ వెళ్ళి దాని మీదే కొట్టండి."