మధ్యలో పది సెకన్లు

ఆస్పత్రిలో చెవుల పరీక్ష చేసే అతను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకే మాట చెబుతాడు: "శబ్దం వినపడగానే వేలెత్తండి. నేను తలూపాక దించండి." వేళ్లు చూసీ చూసీ, ఇంట్లో మాట్లాడేటప్పుడు కూడా మొహాలకన్నా ముందు చేతులే చూస్తాడు. ఐదేళ్ల కూతురికీ ఈ వేలి ఆట నేర్పాడు. ఆర్నెల్లు గిటారుతో కుస్తీపట్టి ఒకటిన్నర నిమిషాల రాక్ పాట చేశాడు. అందులో మాటల్లేవు; ఉన్నవల్లా హారన్లు, లిఫ్టు తలుపులు, ఫోన్ల టింగుటింగులు, వాటిని గీరుకుంటూ పోయే గిటారు. సరిగ్గా మధ్యలో పది సెకన్లు మాత్రం ఏ శబ్దమూ ఉండదు. "ఈ కాలం గురించి నేను చెప్పాలనుకున్నదంతా అక్కడే ఉంది," అంటాడు. అందరికీ వినిపిస్తే, ఆ చోటు రాగానే డ్రమ్స్ వాయించే స్నేహితుడు ఫోన్ తీశాడు. భార్య "అయిపోయిందా? బావుంది," అని లేచింది. బావమరిది "బావా, కరెంటు పోయిందేమో చూడు," అన్నాడు.

చివరికి కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టి వినిపించాడు. ఈ పిల్లయినా చివరిదాకా వింటే చాలనుకున్నాడు. గిటారు ఆగింది. పిల్ల కదల్లేదు. ఊపిరి బిగబట్టి చెవులు రిక్కించింది. ఏడో సెకనులో అతని జేబులో ఫోన్ వణికింది. పిల్ల వేలు టక్కున లేచింది.

"వినపడింది నాన్నా!"

ఎవరో పువ్వుల బొమ్మ పంపారు. దాని వెనకే ఇంకొకటి. అతను ఫోన్ లోంచి తలెత్తేసరికి పాట మళ్లీ మొదలై, అయిపోయింది కూడా. నాన్న తలూపుతాడని పిల్ల ఇంకా వేలెత్తుకునే ఉంది.